శాట్ స్కోరు పంపాలా, ఆపాలా? ఏ కాలేజీకి ఏ పరీక్ష చూపించాలి

కిందటి అక్టోబరు మొదటి వారం. మాకు డాలస్‌లో రాత్రి తొమ్మిది, హైదరాబాద్‌లో పొద్దున ఏడున్నర. ఇంటర్ సెకండియర్ చదువుతూ అమెరికా కాలేజీలకు అప్లై చేస్తున్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. శాట్ అంటే ఆ కాలేజీల్లో సీటు కోసం రాసే పరీక్ష, 1600 పాయింట్లకు.

"అత్తా, నాకు శాట్‌లో 1430 వచ్చింది. పంపించమంటావా, వద్దా?"

"ఎక్కడికి రా?" అన్నాను.

"అన్నిటికీ. నేను అప్లై చేసేవి ఎనిమిది కాలేజీలు."

అదే సమయానికి మా అమ్మాయి కూడా పన్నెండో తరగతిలో ఉంది. దానికీ ఇదే టెన్షన్. ఇక్కడ ఫ్రిస్కోలో, ప్లేనోలో ఏ తెలుగువాళ్ల పుట్టినరోజుకు వెళ్లినా తల్లిదండ్రుల మాటలన్నీ దీని చుట్టూనే. "1400 దాటితే పంపేయండి" అని ఒకరు, "1500 లేకపోతే దాచుకోవడమే మేలు" అని ఇంకొకరు. రెండూ తప్పే. 1430 అనే అంకె దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఏ కాలేజీకి, ఏ బ్రాంచికి, ఎక్కడ చదివిన పిల్లవాడు పంపుతున్నాడు అన్నది తెలిస్తేనే జవాబు చెప్పగలం. అందుకే ఆ రాత్రి వాడి ఎనిమిది కాలేజీలనూ ఒక్కొక్కటిగా కాగితం మీద రాయించాను.

ముందు ఆ కాలేజీలను మూడు కుప్పలుగా విడదీశాం.

మొదటి కుప్ప, శాట్‌ని, దానికి బదులు రాసే ఏసీటీ పరీక్షని అసలు చూడని కాలేజీలు. వీటిని టెస్ట్ బ్లైండ్ అంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లన్నీ, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో, అర్వైన్ వగైరా, ఇందులోకే వస్తాయి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ కూడా 2022లో ఇదే దారి పట్టింది. 1600కి 1600 వచ్చినా అక్కడ సీటు ఇచ్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోరు. మావాడి జాబితాలో శాన్ డియేగో, అర్వైన్ రెండూ ఉన్నాయి. వాటి దగ్గర ఈ ప్రశ్నే లేదు. అక్కడ పెట్టాల్సిన శ్రమంతా వ్యాసాల మీద పెట్టమన్నాను.

రెండో కుప్ప, స్కోరు తప్పనిసరిగా అడిగే కాలేజీలు. 2020లో కోవిడ్ వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడినప్పుడు దాదాపు అన్ని కాలేజీలూ స్కోరు లేకపోయినా ఫర్వాలేదన్నాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. ఎంఐటీ 2022 మార్చిలోనే మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్, కార్నెల్, స్టాన్‌ఫర్డ్, మా యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) వరసగా అదే ప్రకటించాయి. 2025 ఫిబ్రవరిలో పెన్ (యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా) చేరింది. ప్రిన్స్‌టన్ 2027-28 అప్లికేషన్ల నుంచి అడుగుతానంది. జార్జియా టెక్, పర్డ్యూ, ఫ్లోరిడా ప్రభుత్వ యూనివర్సిటీలు కూడా అడిగేవే. వీటి దగ్గర "పంపాలా వద్దా" అనే మాట లేదు. ఈ స్కోరుతో అప్లై చేయడం తెలివైన పనేనా అన్నదే చూసుకోవాలి.

యూటీ ఆస్టిన్ గురించి టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇక్కడి హైస్కూల్లో మొదటి ఐదు శాతం ర్యాంకులో ఉంటే 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి యూనివర్సిటీలో ఆటోమేటిక్‌గా అడ్మిషన్ వస్తుంది. అంతకు ముందు అది ఆరు శాతం. "ర్యాంకు ఉంది కదా, ఇక శాట్ ఎందుకు" అనుకునే ఇళ్లు నాకు తెలుసు. వచ్చేది యూనివర్సిటీలో చోటు మాత్రమే, కోరుకున్న బ్రాంచి కాదు. కంప్యూటర్ సైన్స్‌కో ఇంజినీరింగ్‌కో పోటీ పడాల్సిందే, అక్కడ స్కోరు అక్కరకొస్తుంది.

మూడో కుప్ప, ఇష్టమైతే పంపు, లేకపోతే మానుకో అనే టెస్ట్ ఆప్షనల్ కాలేజీలు. తలనొప్పంతా ఇక్కడే. మావాడి జాబితాలో ఇలాంటివి నాలుగున్నాయి.

ఈ కుప్ప దగ్గర నేను చెప్పేది ఒక్కటే: ఊహాగానాలు మాని కామన్ డేటా సెట్ తెరవండి. చాలా కాలేజీలు ఏటా విడుదల చేసే పత్రం అది. కాలేజీ పేరు, పక్కన ఈ మూడు మాటలూ కొట్టి వెతికితే దొరుకుతుంది. అందులో సీ9 అనే భాగానికి వెళ్లండి. చేరిన పిల్లల్లో ఎంత శాతం మంది శాట్ పంపారు, ఎంత మంది ఏసీటీ పంపారు, వాళ్ల స్కోర్లలో 25వ పర్సంటైల్ (అంటే నూటికి ఇరవై ఐదు మంది దానికి కింద ఉండే అంకె) ఎంత, 50వది ఎంత, 75వది ఎంత అన్నీ ఉంటాయి. దానికి కొంచెం పైన సీ7లో మార్కులు, వ్యాసం, సిఫార్సు లేఖలు, పరీక్ష స్కోర్లలో కాలేజీ దేనికి ఎంత బరువు ఇస్తుందో గళ్లలో టిక్కు పెట్టి ఉంటుంది. మావాడు నాలుగు కాలేజీలవీ తెరిచి ఆ అంకెలను నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అరగంట పని.

అంకెలు చదవడంలో ఒక మెలిక ఉంది. ఒక కాలేజీలో 25వ పర్సంటైల్ 1440, 75వది 1540 అని ఉందనుకుందాం. చూడగానే 1430 ఉన్నవాడి గుండె జారిపోతుంది. కానీ చేరినవాళ్లలో నూటికి నలభై మందే స్కోరు పంపారని పక్క గడిలో ఉంటే? మంచి స్కోరు వచ్చినవాళ్లే పంపారు, తక్కువ వచ్చినవాళ్లు దాచుకున్నారు. అంటే ఆ అంకెలు పైకి లాగినవి. క్లాసులో కూర్చున్న అందరి స్కోర్లూ కలిపితే అంత ఎత్తున ఉండవు. నూటికి ఎనభై, తొంభై మంది పంపిన కాలేజీలో అవే అంకెలు కనిపిస్తే మాత్రం నమ్మాల్సిందే.

నా లెక్క ఇలా ఉంటుంది. మీ స్కోరు 50వ పర్సంటైల్‌కి సమానంగానో పైనో ఉంటే ఆలోచించకుండా పంపండి. 25కి, 50కి మధ్యలో ఉంటే చాలాసార్లు పంపడమే మంచిది, ముఖ్యంగా పంపినవాళ్ల శాతం తక్కువున్న చోట. 25 కంటే బాగా కింద ఉంటే ఆపండి. ఇరవై ముప్పై పాయింట్ల తేడా మాత్రమే ఉంటే అప్పుడు పిల్లవాడి మిగతా కథ చూడాలి.

మిగతా కథ అంటే ఏమిటో మా రెండిళ్లలోనే కనిపించింది. మా అమ్మాయి చదివే స్కూలు గురించి ఇక్కడి కాలేజీలకు బాగా తెలుసు. అక్కడి గ్రేడు చూస్తే ఆ పిల్ల ఎంత చదివిందో వాళ్లకు అర్థమవుతుంది. మావాడిది ఇంటర్ ఎంపీసీ. వెయ్యికి 970, 980 వచ్చేవాళ్లు ఒక్కో కాలేజీలో ఎంతమంది ఉంటారో మనకు తెలుసు. అమెరికాలో అప్లికేషన్ చదివే మనిషికి ఆ 980 ఎంత గొప్పదో, పక్కవాడి 965కీ దానికీ తేడా ఏమిటో తేల్చుకోవడం కష్టం. శాట్ స్కోరు ఆ మనిషికి తెలిసిన కొలబద్ద. అందుకే తెలుగు రాష్ట్రాల బోర్డుల నుంచి అప్లై చేసే పిల్లలకు నేను కొంచెం తక్కువ స్కోరునైనా పంపమనే చెబుతాను.

దాచుకుని నష్టపోయినవాళ్లు నిజంగా ఉన్నారు. డార్ట్‌మత్ 2024లో పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసినప్పుడు దాని వెనక సొంత ప్రొఫెసర్ల అధ్యయనం ఒకటుంది. అంతగా వసతులు లేని కుటుంబాల పిల్లలు 1400 ప్రాంతంలో స్కోరు తెచ్చుకుని కూడా, అది చాలదనుకుని పంపలేదని, పంపి ఉంటే వాళ్లకే మేలు జరిగేదని అందులో తేలింది. వాళ్ల స్కూలు పరిస్థితిని బట్టి చూస్తే అది గొప్ప స్కోరు. ఆ సంగతి చదివిన రోజు నాకు మనసంతా అదోలా అయిపోయింది. సలహా చెప్పే పెద్దదిక్కు లేక ఎంతమంది పిల్లలు వచ్చినదాన్ని కూడా దాచుకున్నారో!

బ్రాంచి కూడా చూడాలి. మావాడి 1430లో లెక్కలు 770, రీడింగ్ అండ్ రైటింగ్ 660. ఇంజినీరింగ్‌కి అప్లై చేసేవాడికి ఆ 770 మంచి సాక్ష్యం. అవే అంకెలు తారుమారై లెక్కలు 660 ఉంటే, అదే 1430ని ఇంజినీరింగ్‌కి పంపడానికి నేను వెనకాడేదాన్ని.

ఇక్కడే వాడు నాకు తెలియని సంగతి ఒకటి బయటపెట్టాడు. వాడు జూన్‌లో కూడా ఒకసారి రాశాడు. అప్పుడు 1420. "తక్కువే కదా అని చెప్పలేదత్తా" అన్నాడు. విడివిడిగా చెప్పమంటే జూన్‌లో రీడింగ్ 690, లెక్కలు 730. ఆగస్టులో 660, 770. చాలా కాలేజీలు ఒక్కో విభాగంలో ఎక్కువ వచ్చినదాన్ని తీసి కలుపుకుంటాయి. దాన్ని సూపర్‌స్కోర్ అంటారు. 690కి 770 కలిపితే 1460. పిల్లవాడు తన స్కోరు 1430 అనుకుని ఇన్నాళ్లూ దిగులుపడ్డాడు. చేతిలో ఉన్నది 1460. ఆ ముప్పై పాయింట్లతో ఒక కాలేజీలో వాడు 25వ పర్సంటైల్‌కి కింద నుంచి పైకి వచ్చాడు.

సూపర్‌స్కోర్ చేస్తారో లేదో ప్రతి కాలేజీ తన అడ్మిషన్ పేజీలోనే రాస్తుంది. చేసే కాలేజీకి రెండు తేదీల స్కోర్లూ పంపాలి. చేయని కాలేజీకి బాగా వచ్చిన ఒక్క తేదీ చాలు. ఏ తేదీ పంపాలో ఎంచుకునే వీలుంది, కానీ ఒక తేదీలోంచి లెక్కలు మాత్రమే తీసి పంపడం కుదరదు. జార్జ్‌టౌన్ లాంటి కొన్ని చోట్ల రాసినవన్నీ పంపమంటారు. అలాంటి కాలేజీ మీ జాబితాలో ఉంటే, "ఊరికే ఒకసారి రాసి చూద్దాం" అని తయారు కాకుండా వెళ్లకండి. రెండు సార్లు, మహా అయితే మూడు సార్లు. అంతకు మించితే ఆ శనివారాలు పిల్లల చదువుకు, నిద్రకు వదలండి.

ఇంకొకటి, శాట్ రాశాక తొమ్మిది రోజుల్లోపు నాలుగు కాలేజీలకు ఉచితంగా పంపవచ్చని ఊరిస్తారు. అప్పటికి మీకు స్కోరే తెలియదు. చూడకుండా పంపకండి. పైగా ఎక్కువ కాలేజీలు అప్లికేషన్లో మీరే స్కోరు టైప్ చేస్తే ఒప్పుకుంటాయి. అసలు రిపోర్టు సీటు వచ్చి చేరేటప్పుడు ఇస్తే చాలు.

శాటా, ఏసీటీనా

ఇది ముందే తేల్చుకోవాల్సిన విషయం. మనవాళ్లు ఏసీటీ గురించి పెద్దగా ఆలోచించరు, ఎదురింటివాళ్లు శాట్ కోచింగ్‌లో చేర్చారని తామూ చేరుస్తారు. కాలేజీలకు రెండూ ఒకటే. ఏది రాసినా పైచేయి, కిందచేయి లేదు. పిల్లల స్వభావానికి ఏది పడుతుందన్నదే లెక్క.

శాట్ ఇప్పుడు పూర్తిగా కంప్యూటర్ మీదే. మన దేశం లాంటి చోట్ల 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి అలా మారింది. మొత్తం 2 గంటల 14 నిమిషాలు. రీడింగ్ అండ్ రైటింగ్‌లో 54 ప్రశ్నలకు 64 నిమిషాలు, లెక్కల్లో 44 ప్రశ్నలకు 70 నిమిషాలు. పేరాలు చిన్నవి, ఒక్కో పేరాకి ఒక్కటే ప్రశ్న. ప్రతి విభాగమూ రెండు ముక్కలు. మొదటి ముక్క ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. తేలికది వస్తే పెద్ద స్కోరుకి దారి మూసుకుపోయినట్టే. అందుకే మొదటి ముక్కలో పొరపాట్లు బాగా ఖరీదు. లెక్కలకు డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ స్క్రీన్ మీదే ఉంటుంది. దాన్ని చకచకా వాడటం నేర్చుకున్న పిల్లలకు కొన్ని ప్రశ్నలు రాయకుండానే తేలిపోతాయి. చేత్తో చేయడం అలవాటైన మన ఇంటర్ పిల్లలు దీన్ని పట్టించుకోరు, పట్టించుకోవాలి.

ఏసీటీ 2025లో మారింది. ఇంగ్లిష్ 50 ప్రశ్నలకు 35 నిమిషాలు, లెక్కలు 45 ప్రశ్నలకు 50 నిమిషాలు, రీడింగ్ 36 ప్రశ్నలకు 40 నిమిషాలు. సైన్స్ ఇష్టమైతేనే. మొత్తం స్కోరు 36కి, పై మూడింటి సగటు. ముందుకంటే తీరిక పెరిగింది కానీ ఇప్పటికీ పరుగు పరీక్షే. శాట్‌లో ఒక్కో లెక్కకు నిమిషంన్నర పైన దొరికితే ఇక్కడ దాదాపు 67 సెకన్లు. రీడింగ్‌లో పొడవాటి పాఠం చదివి దాని మీద వరసగా ప్రశ్నలకు జవాబులివ్వాలి.

మా అమ్మాయి గబగబా చదివే రకం. శాట్‌లో ఆ చిన్న పేరాలు దాన్ని చికాకుపెట్టాయి. చదవడం మొదలయ్యేలోపే అయిపోతోంది, మెలిక పట్టుకోలేకపోతున్నానంది. ఇంట్లో రెండు శనివారాలు రెండిటి నమూనా పరీక్షలూ టైము పెట్టి రాయించాను. శాట్‌లో 1440, ఏసీటీలో 33 వచ్చాయి. ఈ రెంటినీ పోల్చడానికి 2018లో ఆ సంస్థలే కలిసి ఇచ్చిన పట్టిక ఉంది. దాని ప్రకారం ఏసీటీ 33 అంటే శాట్‌లో 1450 నుంచి 1480. 34 అంటే 1490 నుంచి 1520. 32 అంటే 1420 నుంచి 1440. అంటే దానికి ఏసీటీలో ఒక మెట్టు ఎక్కువ. అదే పట్టుకుని దాన్నే రాసింది, దాన్నే పంపింది. మావాడు తీరిగ్గా ఆలోచించి చేసే మనిషి, లెక్కల్లో గట్టి. వాడికి శాటే సరైనది. రెండూ రాసినవాళ్లు పట్టికలో ఏది పైన ఉంటే అది పంపండి, చాలు. రెండూ పంపితే కొత్తగా ఒరిగేది లేదు.

హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాల మీద రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అందరూ ఏపీ అనే పరీక్షలు ఏటా మే నెలలో జరుగుతాయి, స్కోరు 1 నుంచి 5. ఐదు, నాలుగు వస్తే చూపించండి. మూడు వస్తే కాలేజీని బట్టి, సబ్జెక్టుని బట్టి. కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లేవాడికి చరిత్రలో మూడు వచ్చినా పోయేదేమీ లేదు, క్యాలిక్యులస్‌లో మూడైతే నేను దాచేస్తాను. శాట్ చూడని కాలిఫోర్నియా యూనివర్సిటీ కూడా ఏపీ స్కోర్లను చూస్తుంది, అక్కడ వీటి విలువ పెద్దది. యేల్‌లో శాట్, ఏసీటీ, ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) పరీక్షల్లో ఏదో ఒకటి ఇవ్వమంటారు. కానీ ఏపీని ఎంచుకుంటే అప్పటికి రాసిన ఏపీలన్నీ చెప్పాల్సిందే. బాగా వచ్చిన రెండు ఏరి ఇవ్వడం అక్కడ కుదరదు.

ఇంగ్లిష్ పరీక్ష సంగతి చాలామంది మరిచిపోతారు. "టెస్ట్ ఆప్షనల్ కదా, ఏ పరీక్షా అక్కర్లేదు" అనుకుని డిసెంబర్ చివరి వారంలో టోఫెల్ స్లాట్ కోసం తిరిగిన కుటుంబాన్ని నేను చూశాను. ఆప్షనల్ అన్నది శాట్, ఏసీటీలకే. ఇండియా నుంచి వచ్చే పిల్లలకు చాలా కాలేజీలు టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, డ్యూలింగో ఇంగ్లిష్ టెస్టుల్లో ఒకటి వేరే అడుగుతాయి. ఇంగ్లిష్ మీడియంలో చదివితే మినహాయించేవి కూడా ఉన్నాయి, అడిగి చూడాలి. డ్యూలింగో ఇంట్లోనే గంటలో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. అయితే జాబితాలోని అన్ని కాలేజీలూ దాన్ని ఒప్పుకుంటాయో లేదో ముందు చూసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే భాగం మనిషి ఎదురుగా ఉంటుంది, మైకు ముందు తడబడే పిల్లలకు అది హాయి. టోఫెల్ 2026 జనవరి 21 నుంచి 1 నుంచి 6 వరకు ఉండే కొత్త కొలతకు మారింది, పాత 120 అంకెలతో ఉన్న సలహాలు చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. మూడింటి స్కోర్లూ రెండేళ్లే చెల్లుతాయి.

స్కాలర్‌షిప్ నియమాలు అడ్మిషన్ నియమాల కంటే వేరుగా ఉంటాయి. యూనివర్సిటీ ఆఫ్ అలబామా లాంటివి గ్రేడుకి, శాట్ లేదా ఏసీటీ స్కోరుకి ఎంత డబ్బు ఇస్తామో పట్టిక వేసి పెడతాయి. సీటుకి స్కోరు అక్కర్లేకపోయినా డబ్బుకి అక్కరకు రావచ్చు. ఫీజు డాలర్లలో కట్టే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. ప్రతి కాలేజీకీ ఈ పేజీ విడిగా తెరిచి చూడండి.

చివరిగా పేరు. మన తెలుగు పేర్లతో ఇది పెద్ద చిక్కు. మావాడు శాట్‌కి రిజిస్టర్ అయినప్పుడు టెన్త్ మెమోలో ఉన్నట్టు ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాశాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్‌లో పాస్‌పోర్టు ప్రకారం నింపాడు. అసలు రిపోర్టే కావాలన్న ఒక కాలేజీకి పంపితే, మూడు వారాలపాటు వాళ్ల పోర్టల్లో "స్కోరు అందలేదు" అనే చూపించింది. గడువు దగ్గరపడుతుంటే మా తమ్ముడికి నిద్ర లేదు. రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు కాపీ జతచేసి ఈమెయిల్ పెడితే మర్నాటికి సరిచేశారు. పరీక్షకు పేరు నమోదు చేసే రోజే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఇంటిపేరు ఏ గడిలో ఉందో చూసి, అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి.

మొత్తానికి మావాడు పర్డ్యూకి, జార్జియా టెక్‌కి రెండు తేదీలవీ పంపాడు. టెస్ట్ ఆప్షనల్ కాలేజీలు నాలుగింటిలో మూడింటికి పంపాడు. నాలుగోది, నూటికి ఎనభై మంది స్కోరు పంపేదీ, 25వ పర్సంటైలే 1510 ఉన్నదీ, దానికి మాత్రం ఆపాడు. శాన్ డియేగో, అర్వైన్ అప్లికేషన్లలో శాట్ మాటే లేదు.